గురు క్యాసెట్

మొన్న షుగర్ టెస్టుకని ల్యాబుకు వెళ్తే, అక్కడి అమ్మాయి మోచేతి మడతలో స్పిరిట్ దూదితో తుడిచింది. సూది గుచ్చకముందే నా మనసు ఎక్కడికో వెళ్లిపోయింది. ఆ వాసనకు అందరికీ ఆస్పత్రి గుర్తొస్తుందేమో. నాకు మాత్రం మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ పక్క సందులో మేం నడిపిన క్యాసెట్ల షాపు గుర్తొస్తుంది. ఇద్దరు లోపలికొస్తే మూడోవాడు బయట నిలబడాల్సినంత షాపు. పొద్దున షట్టర్ ఎత్తగానే నా మొదటి పని అగ్గిపుల్లకు దూది చుట్టి, స్పిరిట్‌లో ముంచి, రెండు డెక్కుల హెడ్లు తుడవడం. దూదికి తుప్పు రంగు అంటుకునేది. అంటుకోవడం ఆగేదాకా తుడవాలి. ఆ తర్వాతే ఊదుబత్తి, ఆ తర్వాతే పాట.

రక్తం ఇచ్చి బయట బెంచీ మీద కూర్చుని, ఫోన్‌లో ‘జాజ్‌మటాజ్’ అనే ఆల్బమ్ వెతికి పెట్టుకున్నాను. ఇయర్‌ఫోన్లలో ఆ గొంతు మొదలైంది. మా చిన్నాయన వచ్చి పక్కన కూర్చున్నట్టే అనిపించింది.

*

షాపు యజమానిని ఊరంతా భాయ్ అనే పిలిచేది, నేనూ అంతే. ఇంటర్ అయ్యాక ఏడాదిన్నర ఆయన దగ్గర పని చేశాను. పాటలు ఎక్కించడం నా పని. జనం నోటుబుక్కు కాగితం మీద లిస్టు రాసుకొని వచ్చేవాళ్లు. అరవై క్యాసెట్‌లో ఎన్ని పడతాయో, తొంభైలో ఎన్ని పడతాయో నోటిలెక్కన చెప్పేవాణ్ణి. సైడు చివర పాట సగంలో తెగితే ఎవరూ ఊరుకోరు. అందుకే నిమిషాలు కూడుకొని, ఆఖరున ఒక చిన్న పాట సర్దేవాణ్ణి.

హెడ్డు పక్కన ఒక బుల్లి స్క్రూ ఉంటుంది. సన్నటి స్క్రూడ్రైవర్‌తో దాన్ని వెంట్రుకవాసి తిప్పితే, గొంగడి కప్పుకొని పాడుతున్నట్టున్న పాట ఒక్కసారిగా మొహం బయట పెట్టేది. ఎంత తిప్పాలో కంటికి తెలియదు, చెవి చెప్పిన చోట ఆగాలి. ఆ ఒక్క పని నా చేతికి అప్పగించడానికి భాయ్ మూడు నెలలు ఆగాడు.

సాయంత్రమైతే వోల్టేజీ పడిపోయేది. బల్బు ఎర్రబడగానే పాట కూడా సాగేది, ఆడగొంతు మగగొంతయ్యేది. ఇక ఎక్కించడం ఆపి, సందులో నిలబడి వచ్చేవాళ్లతో మాటలు. ఖవ్వాలీ పార్టీల వాళ్లు, భజన మండళ్ల వాళ్లు, బొంబాయి బస్సుల డ్రైవర్లు, కాలేజీ పిల్లలు అందరూ వచ్చేవాళ్లు. అందరూ సినిమా పేరు చెప్పేవాళ్లు, హీరో పేరు చెప్పేవాళ్లు, బాగా తెలిసినవాళ్లయితే పాడినవాళ్ల పేరు చెప్పేవాళ్లు. ఫలానా పాటలో వాయించింది ఎవరని ఒక్కరూ అడగలేదు. నేనూ ఎన్నడూ రాయలేదు.

*

మా ఊరు దేవరకద్ర దిక్కు. చిన్నాయన బొంబాయిలో మేస్త్రీ. పాలమూరు మనిషి బొంబాయి పోవడం మా దగ్గర బస్సు టైము చెప్పినంత మామూలు మాట. వానను నమ్ముకునే నేలలు, వాన నమ్మించదు. దసరాకో, పీర్ల పండుగకో, కురుమూర్తి జాతరకో ఇంటికొచ్చి, నాలుగు రోజులుండి, మళ్లీ మూటలు కట్టుకొని బస్సెక్కేవాళ్లు. పిల్లలు ముసలివాళ్ల దగ్గర పెరిగేవాళ్లు.

చిన్నాయనకు చదువు రాదు. తత్వాలు మాత్రం నూటికి పైగా నోటికి వచ్చు. కడుతున్న బిల్డింగ్ కిందనే రేకుల షెడ్డులో ఉండేవాళ్లు. రాత్రి అన్నం తిన్నాక తంబుర మీటుకుంటూ పాడేవాడట. పక్క షెడ్డులోని బిహారు వాళ్లు కూడా వచ్చి కూర్చునేవాళ్లట.

ఒక ఏడు జాతరకు వస్తూ నాకొక క్యాసెట్ తెచ్చాడు. ఫుట్‌పాత్ మీద కుప్ప పోసి అమ్ముతుంటే కొన్నాడు. లోపల బొమ్మ కాగితం లేదు, డబ్బా మూల పగిలింది, క్యాసెట్ మీద అచ్చు సగం చెరిగిపోయింది.

"ఏం రాసుందని అమ్మేటోన్ని అడిగిన. గురు అని ఉందన్నడు. ఇగ తత్వాలే అయితయని తెచ్చిన బిడ్డా."

ఆయన అనుకున్నదాంట్లో తప్పేముంది? మా దిక్కు గురువు మీద పాడే తత్వాలకు లెక్కలేదు. అచల గురువుల భజనలు ఊరూరా సాగేవి. బొంబాయిలో కూడా గురువు మీద పాడేవాళ్లున్నారన్న సంతోషంతో, రాత్రంతా బస్సులో దాన్ని చొక్కా జేబులో పెట్టుకొని తెచ్చాడు.

*

భాయ్ స్టూలు మీద చిన్నాయనను కూర్చోబెట్టి, టీ చెప్పాడు. నేను స్క్రూ సర్ది ప్లే నొక్కాను.

తంబుర రాలేదు. ఒక మనిషి మాట వచ్చింది. బరువైన గొంతు, తొందర లేదు. ఎత్తడం లేదు, దించడం లేదు, అరుగు మీద కూర్చుని ఇంటి విషయం చెప్తున్నట్టు చెప్పుకుంటూ పోతున్నాడు. కాసేపటికి ఏవో పేర్లు వరసగా చదవడం మొదలుపెట్టాడు. నాకున్న ఇంగ్లీషుకు అవి పేర్లని మాత్రం అర్థమైంది.

"ఏమంటుండురా?" అన్నాడు చిన్నాయన.

"పేర్లు చదువుతున్నడు చిన్నాయనా."

"ఓ, చదివింపులు."

మా ఊళ్లో చిరుతల రామాయణం ఆడేటప్పుడు నడుమ ఆట ఆపి, హార్మోనియం ఆయన మైకు ముందుకొచ్చి "ఫలానా ఇంటివారు పది రూపాయలు చదివించినారు" అని పేరుపేరునా చదివేవాడు. తన పేరు ఊరంతా వినాలని, ఇంట్లో లేకున్నా అప్పు తెచ్చి చదివించినవాళ్లను నేను చూశాను. చిన్నాయనకు అదే గుర్తొచ్చింది.

తర్వాతి పాటలో ట్రంపెట్ వచ్చింది. మన పెండ్లి బ్యాండుమేళంలో వినేదే. కానీ ఇది ఊరేగింపు అయిపోయి, అందరూ పోయాక, వాయించినాయన ఒక్కడే ఇంటికి నడుస్తూ తనకోసం ఊదుకున్నట్టుంది. బయట ఎవరితోనో బేరమాడుతున్న భాయ్ మాట ఆపి లోపలికొచ్చాడు. "ఈయన ఊదుడు సూడు బేటా. ఎంత సుకూన్ ఉంది" అన్నాడు. ఇంకో పాటలో గిన్నెల మీద నీటి చుక్కలు పడ్డట్టు ఒక చప్పుడు. జలతరంగం అనుకున్నాం ముగ్గురం. మరో పాటలో మాట్లాడే మనిషే మారిపోయాడు, భాష కూడా మారింది. అది ఇంగ్లీషు కాదని తెలిసింది తప్ప, ఏ భాషో భాయ్‌కీ తెలియలేదు, నాకూ తెలియలేదు. చిన్నాయనకు మాత్రం ఏ ఇబ్బందీ లేదు.

"మా బిల్డింగ్ పని లెక్కనే ఉంది" అన్నాడు. "సెంట్రింగు ఒకడు, ఇటుక ఒకడు, ప్లాస్టరింగ్ ఒకడు. ఎవని భాష వానిది. గోడ మాత్రం ఒక్కటే లేస్తది."

రెండు సైడులూ పూర్తిగా విన్నాడు. టీ చల్లారిపోయింది. లేస్తూ, "పాడుతలేడు, చెప్తుండు. తత్వం గూడ చెప్పేదే గదరా. నేను తెచ్చింది మంచిదే" అన్నాడు.

*

ఆ చెప్పేవాడు ఎవరో తెలియడానికి నాకు దాదాపు పదేండ్లు పట్టింది. హైదరాబాద్‌లో ఉద్యోగం వెతుక్కునే రోజుల్లో, నెట్ సెంటర్‌లో గంటకు డబ్బులు కట్టి, దరఖాస్తులు పంపాక మిగిలిన పది నిమిషాల్లో వెతికాను.

ఆయన గురు అనే అమెరికా ర్యాప్ కళాకారుడు, అసలు పేరు కీత్ ఎలామ్. బోస్టన్‌లో పుట్టినవాడు, తండ్రి జడ్జి. డీజే ప్రీమియర్‌తో కలిసి గ్యాంగ్ స్టార్ అనే జోడీగా పేరు తెచ్చుకున్నాడు. చిన్నాయన తెచ్చిన క్యాసెట్ ఆయన ‘జాజ్‌మటాజ్’ ఆల్బమ్ మొదటి భాగం. 1993లో వచ్చింది, గ్యాంగ్ స్టార్ పనికి పక్కన తన సొంతంగా చేసుకున్నది. గురు అంటే ఆయన లెక్కలో మన గురువు కాదు. ‘గిఫ్టెడ్ అన్‌లిమిటెడ్ రైమ్స్ యూనివర్సల్’ అన్న నాలుగు మాటల మొదటి అక్షరాలట. చిన్నాయనకు ఇది చెప్తే, "ఏదైతేంది, పిలిచేది గురు అనే గదా" అన్నాడు.

నాకు బాగా పట్టుకున్న సంగతి ఇంకొకటి. ర్యాప్ చేసేవాళ్లు అప్పట్లో పాత జాజ్, ఫంక్ రికార్డుల్లోంచి ముక్కలు కత్తిరించి, ఆ ముక్కనే తిప్పి తిప్పి వేస్తూ దాని మీద మాట చెప్పేవాళ్లు. గురు, ప్రీమియర్ కూడా అలా చేసినవాళ్లే, గొప్పగా చేసినవాళ్లు. అయితే ఈ ఆల్బమ్‌కు గురు ఆ రికార్డుల కాలం నాటి మనుషులనే స్టూడియోకు పిలిచాడు. నేను క్లాక్ టవర్ సందులో విన్న ట్రంపెట్ డోనల్డ్ బర్డ్‌ది. అప్పటికి ఆయనకు అరవై ఏండ్లు. హోవార్డ్ యూనివర్సిటీలో పాఠాలు చెప్తూ, తన విద్యార్థులతోనే బ్లాక్‌బర్డ్స్ అనే బ్యాండు కట్టించినవాడు. ఆ క్యాసెట్‌లో మన అర్థంలో గురువు కూడా ఉన్నాడన్నమాట. మేం జలతరంగం అనుకున్నది రాయ్ అయర్స్ వాయించిన వైబ్రఫోన్. అల్యూమినియం పట్టీలను మెత్తటి తలలున్న కర్రలతో కొడతారు. ఆయనకు అయిదేండ్లప్పుడు లయొనెల్ హాంప్టన్ అనే మహా విద్వాంసుడు ఆ కర్రలు చేతికిచ్చాడని చెప్తారు. అర్థం కాని ఆ భాష ఫ్రెంచి. చెప్పింది ఎంసీ సోలార్, ఆఫ్రికాలోని డకార్‌లో పుట్టి ఫ్రాన్స్‌లో పెరిగినవాడు. ఇంకా లానీ లిస్టన్ స్మిత్ కీబోర్డు, బ్రాన్‌ఫర్డ్ మార్సాలిస్ శాక్సోఫోన్, ఇంగ్లండ్ నుంచి రానీ జోర్డన్ గిటార్, కోర్ట్నీ పైన్, పాడటానికి ఎన్డియా డావెన్‌పోర్ట్. మొదట్లో చదివిన ఆ చదివింపుల్లోని పేర్లన్నీ ఒక్కొక్కటిగా మనుషులయ్యాయి.

తర్వాత 1995లో రెండో భాగం, 2000లో, 2007లో మరో రెండు వచ్చాయి. అన్నీ విన్నాను. నాకు మొదటిదే ప్రాణం. గురు 2010 ఏప్రిల్‌లో పోయాడు, నలభై ఎనిమిదేండ్లకే. ఇప్పుడు నా వయసు అదే. 2025 మార్చిలో రాయ్ అయర్స్ కూడా పోయాడని చదివినప్పుడు, నిజం చెప్తున్నా, సొంతవాళ్ల కబురు విన్నట్టే కూర్చుండిపోయాను.

*

మళ్లీ షాపుకు వస్తా. జాతర అయి చిన్నాయన బొంబాయి పోయే ముందు, తన తత్వాలు క్యాసెట్ చేసుకొని షెడ్డులో వినిపించాలని ఆశపడ్డాడు. భాయ్ అప్పటికే గురు క్యాసెట్ రోజూ పొద్దున వేసుకుంటున్నాడు. "ఒక్క తంబుర ఎందుకు? అందరిని పిలుద్దాం" అన్నాడు.

భజన మండలి నుంచి హార్మోనియం ఆయన వచ్చాడు. మా ఊరి డప్పు ఆయన వచ్చాడు. భాయ్ వాళ్ల మామూ ఖవ్వాలీ పార్టీలో బెంజో వాయించేవాడు. టైపు మిషన్‌కు ఉన్నట్టు మీటలుంటాయే, ఆ బెంజో. జాతరకు వచ్చి ఇంకా ఊరికి మళ్లని కిన్నెర తాతను చిన్నాయన వెంటబెట్టుకొని వచ్చాడు. ఆయనది నాగర్‌కర్నూల్ దిక్కు.

షాపు వెనక ఒక గది ఉండేది. గోడలకు మాట కొట్టుకోకుండా ఆరు గొంగళ్లు తెచ్చి మేకులకు వేలాడదీశాం. కురుమ ఇంటి గొంగళ్లు, గొర్రె వాసన గుప్పుమనేది. ఫ్యాను చప్పుడు పడుతుందని ఆపేశాం. సెకండ్ షో వదిలి, సందులో ఆటోల చప్పుడు సద్దుమణిగేదాకా ఆగాం. డప్పు ఆయన సందులోనే కాగితాలు, గడ్డి మంటేసి డప్పు కాపుకున్నాడు.

శ్రుతి కలపడానికే గంట పట్టింది. హార్మోనియం, బెంజో మారవు. కిన్నెర తాతే మారాలి. సొరకాయ బుర్రలు పొట్టకు ఆనించుకొని, చెవి వంచి, మెట్ల కింది మైనాన్ని బొటనవేలితో వత్తి వత్తి, ఒక్కో మెట్టూ జరుపుకుంటూ పోయాడు. గోరు చివర నల్లటి మైనం. ఎవరూ మాట్లాడలేదు. చివరికి ఒకసారి మీటి, మామూ దిక్కు చూసి, "కలిసింది" అన్నాడు. మామూ తల ఊపాడు.

డప్పు మోత ముందు కిన్నెర వినిపించడం లేదు. మైకులు ఉన్నవే రెండు. డప్పు ఆయనను గది బయట మెట్ల మీద నిలబెట్టాం. కిన్నెరను మైకుకు జానెడు దూరంలో పెట్టాం. అప్పుడు రెండూ సమానంగా వచ్చాయి.

మూడో తత్వం సగంలో కరెంటు పోయింది. డెక్కు ఆగిపోయిందని అందరికీ తెలుసు. కానీ చిన్నాయన ఆపలేదు, ఆయన ఆపలేదని ఎవరూ ఆపలేదు. చీకట్లో గొర్రె వాసన, చెమట, మెట్ల మీంచి డప్పు. కిన్నెర, బెంజో ఒకదాని మాట ఒకటి అందుకుంటూ పోయాయి. మేస్త్రీ గొంతు ఆ రాత్రి ఎక్కినంత పైకి మళ్లీ ఎన్నడూ ఎక్కలేదు. కరెంటు వచ్చాక మళ్లీ మొదటి నుంచి పాడారు, బాగానే వచ్చింది. ఆ చీకట్లో పాడింది మాత్రం ఏ టేపులోనూ లేదు.

*

ఇరవై కాపీలు చేశాను. లేబుళ్లు స్కెచ్ పెన్నుతో నేనే రాశాను. తత్వాలు అని పైన, చిన్నాయన పేరు, హార్మోనియం ఆయన పేరు. లేబుల్ మీద చోటు అయిపోయింది. మిగిలినవాళ్లకు కలిపి ‘బృందం’ అని రాసేశాను.

రెండు నెలలకు కిన్నెర తాత షాపుకు వచ్చాడు. ఒక క్యాసెట్ ఆయన చేతిలో పెట్టాను. తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"నా పేరు ఏడుంది కొడుకా? వేలు పెట్టి చూపియ్యి."

నేను ‘బృందం’ అన్న మాట మీద వేలు పెట్టాను. "ఇదిగో తాతా" అన్నాను.

ఆయన ఆ మాట మీద బొటనవేలు పెట్టి నెమ్మదిగా రుద్దాడు. ఇంకు కొంచెం అలికింది. సంతోషంగా దాన్ని రుమాలులో చుట్టుకొని వెళ్లిపోయాడు.

భాయ్ చూస్తూనే ఉన్నాడు. ఆ పూటంతా నాతో మాట్లాడలేదు. రాత్రి షట్టర్ దించేటప్పుడు, "ఆ గురు చూడు బేటా. పాట కంటే ముందు అందరి పేర్లు చదివిండు" అన్నాడు. ఆ రాత్రి నేను అన్నం తినలేదు.

*

మళ్లీ దసరాకు చిన్నాయన వచ్చేదాకా ఆగి, జరిగింది చెప్పాను. తిట్టలేదు. "పట్టు, మైకు పట్టు" అన్నాడు. మాస్టర్ క్యాసెట్ ముందు చోటు చేసి, చదివింపులు చదివినట్టే అందరి పేర్లూ ఊరితో సహా చదివాడు. దాని నుంచి కొత్త కాపీలు చేశాను.

ఆ ఏడు జాతరకు కిన్నెర తాత రాలేదు. కొడుకు వచ్చాడు. కాలు సుస్తీ చేసి మంచం పట్టాడన్నాడు. ఇంట్లో టేప్ రికార్డర్ లేదంటే షాపులోనే పెట్టి వినిపించాను. తండ్రి పేరు రాగానే అతను నవ్వాడు. "ఇంకోపారి వెయ్యన్నా" అన్నాడు. వెనక్కి తిప్పి వేశాను. మూడుసార్లు వేశాను. పోయేటప్పుడు భాయ్ షాపులోని ఒక పాత టేప్ రికార్డర్, నాలుగు సెల్లులు అతని సంచిలో పెట్టాడు.

2022లో లింగాల మండలం అవుసలికుంట దర్శనం మొగిలయ్య గారికి పద్మశ్రీ వచ్చింది. పన్నెండు మెట్ల కిన్నెర పేరు టీవీలో చదువుతుంటే, ఆయన పేరు చదువుతుంటే, సౌండు పెంచి ఇంట్లో అందరినీ పిలిచాను. ఎందుకింత ఆత్రమని పిల్లలడిగారు.

షాపు ఇప్పుడు లేదు. ఆ సందులో మొబైల్ కవర్లు అమ్ముతున్నారు. భాయ్ లేడు, చిన్నాయన పోయి ఆరేండ్లు. బొంబాయి క్యాసెట్‌లో టేపు ఎప్పుడో నలిగిపోయింది. చిన్నాయన క్యాసెట్ మాత్రం బీరువాలో ఉంది. ల్యాబు నుంచి ఇంటికొచ్చి, అగ్గిపుల్లకు దూది చుట్టి, హెడ్డు తుడిచి, వేశాను.

ముందు కాసేపు గరగర. ఎవరో దగ్గారు. తర్వాత చిన్నాయన గొంతు, పెద్దమనుషుల ముందు నిలబడ్డట్టు కొంచెం బిగుసుకొని. కిన్నెర, ఫలానా ఊరు. డప్పు, మన ఊరు. బెంజో, పాలమూరు. హార్మోనియం. ఒక్కో పేరుకూ ఆగి, ఊపిరి తీసుకొని చదివాడు. ఇక అయిపోయిందనుకునేసరికి, మైకుకు దూరం జరుగుతూ అన్న మాట సన్నగా పడింది.

"రికార్డు చేసింది మా అన్న కొడుకు."

మెట్ల మీంచి డప్పు మొదలైంది.